లయ తప్పిన గుండెకు ఏ మాత్ర?

"గుండె జల్లుమంది", "మధ్యలో ఒక దెబ్బ ఎగిరిపోయినట్టయింది", "ఊరికే కూర్చున్నా దడ ఆగడం లేదు". గుండె డాక్టర్ల గదుల్లో రోజూ వినిపించే మాటలివి. ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది, ఆ సంగతి అతనికి తెలియను కూడా తెలియదు. తెలియడం మొదలైందంటే ఏదో తేడా వచ్చినట్టే. చాలాసార్లు అది భయపడాల్సిన తేడా కాదు. కాఫీలు ఎక్కువై, నిద్ర తక్కువై, రక్తం తక్కువై, థైరాయిడ్ పెరిగి కూడా దడ వస్తుంది. కొందరిలో మాత్రం గుండెను నడిపించే విద్యుత్ వ్యవస్థలోనే చిక్కు ఉంటుంది. ఈసీజీ, ఎకో పరీక్షలు చేశాక అలాంటివాళ్లకు డాక్టరు రాసే మందుల్లో ముందు వరసలో ఉండేవి బీటా బ్లాకర్లు.

ఆ కుటుంబం పెద్దది. ప్రొప్రనొలాల్, అటెనొలాల్, బిసొప్రొలాల్, కార్వెడిలాల్, నెబివొలాల్ అన్నీ అందులోవే. మన ఇళ్లలో బాగా తెలిసిన మాత్ర మెటోప్రొలాల్. బీపీకి, గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లకు, గుండె బలహీనపడ్డవాళ్లకు, దడకు కూడా దాన్ని రాస్తారు. సోటలాల్ పేరు విన్నవాళ్లు తక్కువ. దాన్ని లయ దోషాల కోసమే వాడతారు. పాఠ్యపుస్తకాల్లో రెండూ ఒకే అధ్యాయంలో ఉంటాయి. అయినా ఒకటి ఇవ్వాల్సిన చోట రెండోది ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకలాగో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అడ్రినలిన్‌కు అడ్డం

భయం వేసినా, కోపం వచ్చినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. అది కొన్ని రక్తనాళాలను బిగిస్తుంది, కొన్నిటిని వదులు చేస్తుంది, గుండెను పరుగెత్తిస్తుంది. ఒకే రసాయనం ఇన్ని విధాలుగా ఎలా పనిచేస్తోంది? 1948లో అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీ పరిశోధకుడు రేమండ్ ఆల్‌క్విస్ట్ దీనికొక జవాబు ప్రతిపాదించాడు. కణాల మీద అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహకాలు రెండు రకాలుగా ఉండాలన్నాడు, వాటికి ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. ఆ వ్యాసాన్ని మొదట పంపిన పత్రిక తిప్పి పంపింది. మరో పత్రికలో అచ్చయ్యాక కూడా చాలా ఏళ్లు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పట్టించుకున్నవారిలో ముఖ్యుడు స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్. గుండెకు రక్తం చాలక ఛాతీ నొప్పి వచ్చే రోగులకు రక్త సరఫరా ఎలా పెంచాలా అని అందరూ ఆలోచిస్తున్న రోజులవి. బ్లాక్ ఆ ప్రశ్నను తిరగేశాడు. సరఫరా పెంచలేకపోతే గుండె అవసరాన్నే తగ్గించవచ్చు కదా అనుకున్నాడు. అడ్రినలిన్ బీటా గ్రాహకాలను తాకకుండా చేస్తే గుండె నెమ్మదిస్తుంది, దానికి ప్రాణవాయువు తక్కువ సరిపోతుంది. 1958లో ఐసీఐ కంపెనీలో చేరి ఈ ఆలోచనను మందుగా మార్చే పని మొదలుపెట్టాడు. మొదట తయారైన ప్రొనెథలాల్ ఎలుకల్లో కణితులు కలిగించడంతో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఆ తరువాతిది ప్రొప్రనొలాల్. 1960ల మధ్యలో అది వాడుకలోకి వచ్చి గుండె వైద్యాన్నే మార్చేసింది. 1988లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో బ్లాక్ ఒకడు.

ప్రొప్రనొలాల్‌తో ఒక ఇబ్బంది ఉంది. బీటా గ్రాహకాల్లోనూ రకాలున్నాయి. బీటా ఒకటి ముఖ్యంగా గుండెలో, బీటా రెండు ముఖ్యంగా ఊపిరితిత్తుల గొట్టాల్లో, రక్తనాళాల్లో ఉంటాయి. ప్రొప్రనొలాల్ రెండింటినీ మూసేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ఊపిరాడకుండా చేయగలదు. గుండె మీద మాత్రమే పనిచేసే మందు కావాలని వెతుకుతున్న కాలంలో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ దగ్గర హెస్లె అనే కంపెనీ పరిశోధకులు 1969లో మెటోప్రొలాల్ తయారుచేశారు. 1970ల మధ్యలో అది రోగులకు అందింది. మామూలు మోతాదుల్లో అది ఎక్కువగా బీటా ఒకటి గ్రాహకాన్నే ఆపుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లకు మెటోప్రొలాల్ కూడా జాగ్రత్తగానే ఇవ్వాలి.

మెటోప్రొలాల్ చేసే పని

లయ దోషాల్లో మనం ఎక్కువగా చూసేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. డాక్టర్లు క్లుప్తంగా ఏఎఫ్ అంటారు. గుండె పై గదులు ఒక పద్ధతిగా ముడుచుకోవడం మానేసి నిమిషానికి 350కి పైగా సంకేతాలతో వణుకుతుంటాయి. అవన్నీ కింది గదులకు చేరితే మనిషి బతకడు. మధ్యలో ఏవీ నోడ్ అనే చిన్న కణుపు ఉండి కొన్నిటినే కిందికి వదులుతుంది. జాతర రోజున గుడి ఇరుకు వాకిలి దగ్గర నిలబడి జనాన్ని కొద్దికొద్దిగా లోపలికి పంపే మనిషి పని అది. అడ్రినలిన్ పెరిగితే ఆ వాకిలి బార్లా తెరుచుకుంటుంది, నాడి 140, 150 దాటుతుంది. మెటోప్రొలాల్ ఆ వాకిలిని మళ్లీ ఇరుకు చేస్తుంది. పై గదుల వణుకు ఆగకపోయినా కింది గదులు స్థిమితంగా పనిచేస్తాయి, ఆయాసం తగ్గుతుంది.

లయను సరిచేయకుండా వేగాన్ని అదుపు చేసే ఈ పద్ధతి చేతకానితనం కాదు. 2002లో వెలువడిన ఎఫర్మ్ అధ్యయనంలో 4,060 మంది ఏఎఫ్ రోగులను రెండు జట్లు చేసి ఒక జట్టుకు వేగం అదుపు చేసే మందులు, రెండో జట్టుకు లయను నిలబెట్టే మందులు ఇచ్చి చూశారు. లయను నిలబెట్టడం వల్ల ఆయుష్షు పెరగలేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన రేస్ రెండో అధ్యయనం ఇంకో వెసులుబాటు చూపించింది. విశ్రాంతిలో నాడిని 80 లోపు ఉంచాలని పట్టుబట్టనక్కర్లేదు, 110 లోపు ఉన్నా ఫలితం దాదాపు అంతే. అయితే 2020లో వచ్చిన ఈస్ట్ అధ్యయనం, జబ్బు మొదలైన తొలి ఏడాదిలోనే లయను నిలబెట్టే ప్రయత్నం చేస్తే మేలు కనిపించిందని తేల్చింది. కాబట్టి ఇప్పుడు డాక్టర్లు జబ్బు ఎంత పాతది, మనిషి వయసెంత, ఇబ్బంది ఎంత అని చూసి నిర్ణయిస్తారు.

మెటోప్రొలాల్‌కు లయను నిలబెట్టే శక్తి అసలు లేకపోలేదు. ఏఎఫ్‌ను సరిచేశాక మళ్లీ రాకుండా ఉంటుందేమోనని జర్మనీలో దాదాపు 400 మందిపై జరిపిన ఒక అధ్యయనం ఫలితం 2000లో అచ్చయింది. మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో సుమారు 60 శాతం మందికి ఏఎఫ్ తిరగబెట్టింది, మెటోప్రొలాల్ వేసుకున్నవాళ్లలో 49 శాతం మందికి. గొప్ప విజయమని చెప్పలేం కానీ తీసిపారేయదగ్గదీ కాదు.

దాని అసలు బలం ఇంకోచోట ఉంది. 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మెరిట్ హెచ్‌ఎఫ్ అధ్యయనంలో గుండె బలహీనపడ్డ 3,991 మంది పాల్గొన్నారు. మెటోప్రొలాల్ సక్సినేట్ తీసుకున్నవాళ్లలో మరణాలు 34 శాతం తగ్గాయి. హఠాన్మరణాలు 41 శాతం తగ్గాయి. హఠాన్మరణమంటే చాలామందిలో కింది గదుల లయ ఒక్కసారిగా చెదిరిపోవడమే. గుండె బలహీనపడ్డ మనిషికి నిశ్శబ్దంగా కాపలా కాసే మందుగా మెటోప్రొలాల్ నిలబడింది ఇక్కడే. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో కూడా అది ఉంది.

సోటలాల్: రెండు పనులు చేసే మందు

సోటలాల్‌ను 1960 ప్రాంతంలో అమెరికాలోని మీడ్ జాన్సన్ కంపెనీ తయారుచేసింది. అప్పట్లో దాని పేరు ఎంజే 1999. అది బీటా ఒకటి, బీటా రెండు తేడా లేకుండా రెండింటినీ మూసేసే మందు. అంతవరకే అయితే అది ప్రొప్రనొలాల్ నీడలో మరుగున పడిపోయేది. దాని అసలు గుణాన్ని 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇద్దరు బయటపెట్టారు. ఒకరు ఆచార్యుడు మైల్స్ వాన్ విలియమ్స్. లయ మందులను తరగతులుగా విడగొట్టి ఈనాటికీ విద్యార్థులు చదువుకునే పట్టిక ఆయనదే. ఇంకొకరు ఆయన శిష్యుడు బ్రహ్మ సింగ్, ఫిజీ దీవుల్లో పుట్టిన భారత సంతతి వైద్యుడు. గుండె కండర కణాల్లో విద్యుత్తు ఎలా మారుతోందో కొలుస్తూ, ఈ మందు ఇచ్చినప్పుడు ప్రతి దెబ్బ తరువాత కణం మళ్లీ సిద్ధమవడానికి పట్టే వ్యవధి పొడుగవుతోందని గమనించారు. బీటా గ్రాహకాలను ఆపడంతో ఈ పనికి సంబంధం లేదు. అది వేరే గుణం. దాన్ని వాళ్లు మూడో తరగతి గుణం అన్నారు. తరువాత లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి ఏఎఫ్ మందులపై పెద్ద అధ్యయనాలు నడిపినవాడు కూడా ఈ బ్రహ్మ సింగే. మన సంతతి వైద్యుల గురించి చెప్పుకునేటప్పుడు ఈ పేరు వినిపించకపోవడం బాధ కలిగిస్తుంది.

కణం సిద్ధమవడానికి సమయం పెరిగితే ఏమిటి లాభం? చాలా లయ దోషాల్లో విద్యుత్ సంకేతం ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతుంటుంది. ఒక చుట్టు పూర్తయి వచ్చేసరికి అక్కడి కండరం మళ్లీ సిద్ధంగా ఉంటేనే రెండో చుట్టు సాగుతుంది. సోటలాల్ ఆ కండరాన్ని ఇంకా విశ్రాంతిలోనే ఉంచుతుంది. తిరిగే సంకేతం దారి దొరక్క ఆగిపోతుంది. ఈ గుణం రోజుకు 160 మిల్లీగ్రాములు, ఆ పైన మోతాదుల్లోనే గట్టిగా కనిపిస్తుంది. అంతకంటే తక్కువలో సోటలాల్ మామూలు బీటా బ్లాకర్‌లాగే ప్రవర్తిస్తుంది.

ప్రమాదం కూడా ఈ గుణంలోనే ఉంది. దాన్ని ఈసీజీ కాగితం మీద కంటితో చూడవచ్చు. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది, ఒక్కో చిన్న గడి 40 మిల్లీ సెకన్లు. కింది గదులు ముడుచుకోవడం మొదలైనప్పుడు సూదిగా లేచే గీత దగ్గర నుంచి, అవి తిరిగి విశ్రాంతిలోకి వెళ్లినట్టు చూపే గుండ్రటి గీత ముగిసే దాకా ఉన్న దూరం క్యూటీ. నాడి వేగాన్ని బట్టి దాన్ని లెక్క సరిచేసుకోవాలి. సరిచేశాక 450 మిల్లీ సెకన్లు, అంటే పదకొండు గడులకు కాస్త ఎక్కువ దాటి ఉంటే ఏఎఫ్‌కు సోటలాల్ మొదలుపెట్టకూడదని అమెరికాలోని మందు పత్రం చెబుతుంది. మందు మొదలుపెట్టాక 500, అంటే పన్నెండున్నర గడులు చేరితే మోతాదు తగ్గించాలి, లేదా ఆపాలి. ఒక గడి, ఒకటిన్నర గడి తేడా మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉందంటే ఈ మందును ఎంత శ్రద్ధగా చూడాలో ఊహించవచ్చు.

క్యూటీ మరీ సాగినప్పుడు కింది గదుల్లో టోర్సాడ్ అనే ప్రమాదకరమైన లయ పుట్టవచ్చు. ఈసీజీలో గీతలు పైకీ కిందికీ మెలితిరుగుతూ కనిపిస్తాయి. కొన్ని సెకన్లలో అదే సర్దుకుంటే మనిషికి కళ్లు తిరుగుతాయి లేదా స్పృహ తప్పుతుంది. సర్దుకోకపోతే గుండె ఆగిపోతుంది. ఆడవాళ్లలో, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లలో, గుండె బాగా బలహీనపడ్డవాళ్లలో, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గినవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. సోటలాల్‌కు ఇంకో చిత్రమైన లక్షణం ఉంది. నాడి నెమ్మదించేకొద్దీ అది క్యూటీని ఇంకా సాగదీస్తుంది. ఒక చేత్తో తనే నాడిని నెమ్మదింపజేస్తూ, రెండో చేత్తో ఆ నెమ్మదిలో ప్రమాదాన్ని పెంచుతుంది.

అందుకే ఈ మాత్రను ఆస్పత్రిలో చేర్చుకుని మొదలుపెట్టమంటారు. అమెరికా నిబంధన ప్రకారం కనీసం మూడు రోజులు ఈసీజీ పర్యవేక్షణ ఉండాలి. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల తరువాత ఈసీజీ తీసి క్యూటీ కొలుస్తారు.

స్వోర్డ్ నేర్పిన సంగతి

సోటలాల్ అణువుకు రెండు రూపాలుంటాయి, అద్దంలో ఒకదాని ప్రతిబింబంగా ఇంకొకటి. వాటిలో డి రూపానికి బీటా బ్లాకర్ గుణం దాదాపు లేదు, మూడో తరగతి గుణం మాత్రం ఉంది. బీటా బ్లాకర్ వల్ల వచ్చే నీరసం, ఆయాసం లేకుండా లయను మాత్రమే సరిచేసే మందు దొరికిందని అప్పట్లో ఆశపడ్డారు. గుండెపోటు వచ్చి గుండె బలహీనపడ్డ 3,121 మందితో స్వోర్డ్ అనే అధ్యయనం నడిపారు. మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో 3.1 శాతం చనిపోతే, డి సోటలాల్ తీసుకున్నవాళ్లలో 5 శాతం చనిపోయారు. ఆ ఫలితం 1996లో వెలువడింది.

రెండు రూపాలూ కలిసిన మామూలు సోటలాల్‌ను అంతకుముందు 1982లో గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లకు ఇచ్చి చూసినప్పుడు మరణాలు పెరగలేదు. 7.3 శాతం, 8.9 శాతం, అదీ సోటలాల్ వైపే కొంచెం తక్కువ, కాకపోతే ఆ తేడా గట్టిగా నిలబడేంతది కాదు. రెండు అధ్యయనాల్లో రోగులు ఒకేలాంటివాళ్లు కాదు కాబట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. అయినా ఒక సంగతి తోసిపుచ్చలేనిది. అడ్రినలిన్‌ను ఆపే గుణం చాలా మందిని కాపాడుతుంది. క్యూటీని సాగదీసే గుణం కొందరికి మేలు, కొందరికి ముప్పు. మెటోప్రొలాల్‌లో మొదటిదే ఉంది. సోటలాల్‌లో రెండూ ఉన్నాయి.

ఎదురెదురుగా నిలబెడితే

ఛాతీలో ఐసీడీ అనే షాక్ యంత్రం పెట్టుకున్న 412 మందితో 2006లో వచ్చిన ఆప్టిక్ అధ్యయనం ఈ పోలికకు బాగా పనికొస్తుంది. లయ చెదిరినప్పుడల్లా యంత్రం షాక్ ఇస్తుంది. మనిషి మెలకువగా ఉండగా వచ్చే ఆ షాక్ భయంకరమైన అనుభవం. మెటోప్రొలాల్, బిసొప్రొలాల్, కార్వెడిలాల్‌లలో ఏదో ఒక బీటా బ్లాకర్ మాత్రమే తీసుకున్నవాళ్లలో ఏడాదిలో 38.5 శాతం మందికి షాక్ తగిలింది. సోటలాల్ తీసుకున్నవాళ్లలో 24.3 శాతం మందికి. ఏమియోడరోన్ అనే ఇంకో లయ మందు, బీటా బ్లాకర్ కలిపి తీసుకున్నవాళ్లలో 10.3 శాతం మందికే. ఇంతవరకు చదివి సోటలాల్ మెరుగని అనుకుంటే తొందరపాటే. ఏడాది తిరిగేసరికి సోటలాల్ తీసుకున్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు దాన్ని మానేశారు. మామూలు బీటా బ్లాకర్ మానేసినవాళ్లు ఇరవై మందిలో ఒకరే. మెటోప్రొలాల్‌నూ సోటలాల్‌నూ నేరుగా పోల్చిన చిన్న జర్మన్ అధ్యయనాల్లోనేమో సోటలాల్ ఆధిక్యం కనబడలేదు.

ఏఎఫ్ విషయంలో బ్రహ్మ సింగ్ ఆధ్వర్యంలో 665 మందితో జరిగిన సేఫ్ టీ అధ్యయనం 2005లో వచ్చింది. సరైన లయ నిలిచిన మధ్యస్థ వ్యవధి ఉత్త మాత్రతో 6 రోజులు, సోటలాల్‌తో 74 రోజులు, ఏమియోడరోన్‌తో 487 రోజులు. గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లను విడిగా చూస్తే సోటలాల్ 428 రోజులు నిలబెట్టింది, ఏమియోడరోన్‌కు దగ్గరగా వచ్చింది. ఏమియోడరోన్ థైరాయిడ్‌ను, ఊపిరితిత్తులను దెబ్బతీసే మందు కాబట్టి ఇలాంటి రోగులకు సోటలాల్ ఒక మంచి దారి. మరోపక్క అనేక అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలు ఏఎఫ్ రోగుల్లో సోటలాల్ వల్ల మరణాలు పెరిగాయని హెచ్చరించాయి. 2020లో యూరప్ హృద్రోగ వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో దాని స్థాయిని తగ్గించింది.

కాలేయం ఒకదానికి, కిడ్నీ ఇంకోదానికి

మెటోప్రొలాల్‌ను కాలేయం విరగ్గొడుతుంది. సోటలాల్ మార్పేమీ లేకుండా కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. కాబట్టి కిడ్నీ పనితీరు తగ్గితే సోటలాల్ రక్తంలో పేరుకుని క్యూటీని సాగదీస్తుంది. కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ క్లియరెన్స్ 40 కంటే తక్కువైతే ఏఎఫ్‌కు దాన్ని వాడకూడదు. షుగరుతో కిడ్నీలు మెల్లగా దెబ్బతినేవాళ్లు మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి చోట్ల కారణం స్పష్టంగా తేలని కిడ్నీ జబ్బే ఊళ్లకు ఊళ్లను పీడిస్తోంది. అలాంటి ప్రాంతం నుంచి వచ్చిన మనిషికి క్రియాటినిన్ చూడకుండా సోటలాల్ రాయడం తగదు.

మెటోప్రొలాల్ మెదడులోకి చేరగలదు. కొందరికి పీడకలలు, నిద్ర చెదరడం అందువల్లే. కాలేయంలో దాన్ని విరగ్గొట్టే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్, పరాక్సెటిన్ మాత్రలు కూడా ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. మెటోప్రొలాల్‌తో అవి కలిస్తే మామూలు మోతాదుకే నాడి 50 కిందికి పడిపోవచ్చు. వెరపమిల్, డిల్టియాజెమ్‌తో కలిపినా అదే ముప్పు. మన దేశంలో ఇంకో చిక్కుంది. మెటోప్రొలాల్‌ను టెల్మిసార్టాన్‌తోనో ఆమ్లోడిపిన్‌తోనో కలిపి ఒకే బీపీ మాత్రగా అమ్ముతారు. ఊళ్లో డాక్టరు రాసిన బీపీ మాత్రలో ఒకటి, పట్నంలో గుండె డాక్టరు రాసిన మాత్రలో ఒకటి, అలా తెలియకుండా రెండుసార్లు అదే మందు లోపలికి పోతుంది. అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవడం ఒక్కటే దీనికి విరుగుడు.

మెటోప్రొలాల్‌కు టార్ట్రేట్, సక్సినేట్ అనే రెండు రూపాలున్నాయి. టార్ట్రేట్ త్వరగా పనిచేసి త్వరగా దిగిపోతుంది, రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. సక్సినేట్ మెల్లగా విడుదలయ్యే మాత్ర, రోజుకు ఒకసారి చాలు. దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు. మెరిట్ హెచ్‌ఎఫ్ ఫలితాలు సక్సినేట్‌వి కాబట్టి గుండె బలహీనపడ్డవాళ్లకు అదే రాస్తారు.

సోటలాల్ వాడేవాళ్లకు అసలు ముప్పు చాలాసార్లు వేరే చీటీ నుంచి వస్తుంది. దగ్గు, జలుబు అని వెళితే అజిత్రోమైసిన్ ఇస్తారు. వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తారు. కడుపు ఉబ్బరానికి మందుల షాపులో అడిగితే పాంటోప్రజోల్‌తో డోంపెరిడోన్ కలిసిన గొట్టం చేతిలో పెడతారు. ఫంగస్‌కు ఫ్లూకోనజోల్, మూత్రం మంటకు లివోఫ్లాక్సాసిన్. ఇవన్నీ క్యూటీని సాగదీయగల మందులే. విడిగా వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. సోటలాల్ మీద పడితే ప్రమాదం. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని పొటాషియం పడిపోయిన రోజున ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అసిడిటీకి తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్ సోటలాల్‌ను ఒంటికి పట్టనివ్వదు, రెండింటి మధ్య రెండు గంటల ఎడం ఉండాలి.

ఎవరికి ఏది

రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బిగుసుకుపోయి ఏఎఫ్ వచ్చేవాళ్లు పాశ్చాత్య దేశాల్లో అరుదు, మన దగ్గర మామూలు. భారత హృదయ లయ సంఘం రోగుల జాబితాలో ఏఎఫ్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ జబ్బు ఉంది, సగటు వయసు 55 దగ్గర. ఇలాంటివాళ్లలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటేనే ఇరుకు కవాటంలోంచి రక్తం కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. మెటోప్రొలాల్ సరిగ్గా ఆ పని చేస్తుంది. కానీ అది రక్తపు గడ్డలను ఆపదు, సోటలాలూ ఆపదు. ఏఎఫ్ ఉన్నవాళ్లకు పక్షవాతం తెచ్చేవి ఆ గడ్డలే. వాటికి రక్తం పలచబడే మందు వేరే ఉండాలి. దడ తగ్గింది కదా అని దాన్ని మానేయడం చాలా పెద్ద పొరపాటు.

గుండె బలహీనంగా ఉంటే మెటోప్రొలాల్ వైపే మొగ్గాలి, సోటలాల్ జోలికి పోకపోవడమే మంచిది. గుండె కండరం బాగానే ఉండి, కిడ్నీలు బాగుండి, క్యూటీ మామూలుగా ఉండి, మెటోప్రొలాల్‌తో దడ తగ్గక బాధపడుతున్న మనిషికి సోటలాల్ ఇచ్చి చూడవచ్చు. క్యాథటర్ ద్వారా లయ దోషాన్ని కాల్చివేసే అబ్లేషన్ చికిత్స హైదరాబాద్‌లోనూ అందుబాటులో ఉంది, దాన్నీ డాక్టరుతో చర్చించాలి. పుట్టుకతోనే క్యూటీ పొడుగున్న కుటుంబాలు కొన్ని ఉంటాయి. వాళ్లను కాపాడేది బీటా బ్లాకర్లే, ముఖ్యంగా నాడొలాల్, ప్రొప్రనొలాల్. అదే కుటుంబానికి చెందిన సోటలాల్ మాత్రం వాళ్లకు పూర్తిగా నిషిద్ధం.

షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు రెండు మందులతోనూ ఒక మాట గుర్తుంచుకోవాలి. షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడను బీటా బ్లాకర్ తెలియనివ్వదు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమటలు పోస్తే వెంటనే షుగరు చూసుకోవాలి.

మందు హఠాత్తుగా ఆపకూడదన్నది రెండింటికీ వర్తిస్తుంది. ఇన్నాళ్లూ మూతపడి ఉన్న బీటా గ్రాహకాలు ఒక్కసారిగా తెరుచుకుంటే అడ్రినలిన్ ముందుకంటే గట్టిగా పనిచేస్తుంది. దడ, ఛాతీ నొప్పి, కొందరిలో గుండెపోటు కూడా రావచ్చు. పెళ్లికో తీర్థయాత్రకో వెళ్లేటప్పుడు వారానికి సరిపడా మాత్రలు ఎక్కువే పెట్టుకోవాలి. మానాలనుకుంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇంట్లో ఎవరైనా సోటలాల్ వాడుతుంటే ఒక చిన్న కాగితం మీద ఆ మందు పేరు, మోతాదు, చివరిసారి తీసిన ఈసీజీ తేదీ, క్రియాటినిన్ విలువ రాసి వాళ్ల పర్సులో పెట్టండి. జలుబుకైనా, పంటి నొప్పికైనా, కడుపు మంటకైనా కొత్త మందు ఇచ్చేవాళ్లకు ముందు ఆ కాగితం చూపించండి. కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా తరువాతి మాత్ర వేయకుండా ఈసీజీ తీసే ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లండి.